దారం కట్టని రెక్కలు

"కబూతర్లకు నీళ్లు మార్చినవా?" అని అస్గర్ కింది నుంచి అడిగాడు.

షమ్సున్నీసా జవాబు చెప్పలేదు. చెప్పాలంటే ఊపిరి కావాలి. మెట్లెక్కి డాబా మీదికి వచ్చేసరికి ఉన్న ఊపిరి నిలబడడానికే సరిపోయింది. పిట్టగోడ పట్టుకొని కాసేపు ఆగింది. తర్వాత రేకుముక్క తీసుకొని గూళ్ల ముందు కూర్చుంది. రాత్రి పడిన రెట్ట ఇంకా పచ్చిగా ఉంది. దాని కింద పాతది ఎండి చెక్కకు అంటుకుపోయింది. పచ్చిది తుడిస్తే పోతుంది. ఎండిన దాన్ని గోకాలి. గోకితే తెల్లటి పొడి లేస్తుంది. ఆమె అట్లా గోకుతుంటే పావురాలు తల మీదుగా, భుజం మీదుగా ఎగురుతాయి. రెక్క కొట్టినప్పుడల్లా నూగు రాలుతుంది. ఎండ పక్కగా పడితే ఆ నూగంతా గాలిలో నిలబడి కనపడుతుంది. పెళ్లయిన కొత్తలో అది చూడ్డానికి బాగుండేది.

"నిన్నే అడిగేది. పలుకవేంది?"

"మారుస్తున్న," అన్నది. అన్నాక దగ్గు వచ్చింది. ఒకసారి వస్తే అంత త్వరగా పోయే దగ్గు కాదు.

"గట్ల దగ్గితే అవి బెదురుతయి. జర మెల్లగ," అన్నాడు అస్గర్.

మెదక్‌లో అస్గర్ అంటే ఏ అస్గర్ అని అడుగుతారు. కబూతర్ల అస్గర్ అంటే ఇంటిదాకా తోలుకొచ్చి దింపుతారు. బస్టాండు దగ్గర కుక్కర్లు, స్టౌలు బాగుచేసే దుకాణం ఆయనది. సాయంత్రం దుకాణం మూసి వచ్చి డాబా ఎక్కుతాడు. ఈల వేస్తాడు. పావురాలన్నీ ఒక్కసారి లేచి చర్చి గోపురం దిక్కు పోయి, గుండ్రంగా తిరిగి వస్తాయి. దోస్తులు పిట్టగోడ మీద కూర్చొని వాహ్వా అంటారు. ఆమె చాయ్ పైకి పంపుతుంది. ఎగరేసేది ఆయన. గింజలు చెరిగేది, నీళ్లు పెట్టేది, గూళ్లు గోకేది, రెట్ట బస్తాకెత్తేది, తల్లి వదిలేసిన పిల్లకు సజ్జలు నానబెట్టి నోట్లో పెట్టేది, జబ్బు పడ్డదాన్ని బుట్ట కింద మూసి పెట్టేది ఆమె. ఇవన్నీ పని అని ఎవరూ అనలేదు. ఆమె కూడా అనుకోలేదు. అన్నం వండినట్టు, బట్టలు ఉతికినట్టు అదీ ఒకటి.

ఇంకొకటి కూడా ఉంది. బయటి నుంచి కొత్త పావురం వస్తే దాని రెక్కకు దారం కట్టాలి. పెద్ద ఈకలు నాలుగైదు కలిపి, బిగించకుండా, జారకుండా కట్టాలి. కట్టకపోతే అది ఎంత దూరం నుంచి తెచ్చినా సరే, వదిలిన రోజే పుట్టిన గూటికి పోతుంది. కట్టి ఉంచితే కొన్నాళ్లకు ఇక్కడే జత కుదురుతుంది, గుడ్లు పెడుతుంది. అప్పుడు దారం విప్పినా ఎక్కడికీ పోదు. అస్గర్ వేళ్లు లావు. స్క్రూలు తిప్పి తిప్పి మొద్దుబారాయి. ఆయన కడితే ఈక విరుగుతుంది. "నువ్వే కట్టు. నీ చెయ్యి నరమ్," అనేవాడు. ఇన్నేళ్లలో ఆయన ఆమెను మెచ్చుకున్న మాట అదొక్కటే. ఆ మాట కోసం ఆమె మెట్ల మీద కూర్చొని ఎన్ని రెక్కలకు దారం కట్టిందో.

రేకుముక్క చేతికి ఇచ్చింది అత్త. పెళ్లయి మెహందీ ఇంకా ఎర్రగా ఉన్నప్పుడే ఇచ్చింది. "మా అస్గర్‌కు కబూతర్లంటే జాన్. నీ మీద మనసు పడాల్నంటే ముందుగాల వాటిని సక్కగ చూసుకో బిడ్డా," అన్నది. అంతకుముందు ఆ గూళ్లు గోకింది అత్తే. చివరి రెండు చలికాలాలు ఆమె గోడకు దిండు పెట్టుకొని కూర్చొనే నిద్రపోయింది. పడుకుంటే దమ్ము, ఆయాసం వచ్చేది. ముసలితనం, పాత దమ్ము అన్నారు అందరూ. అంతకు మించి ఎవరూ అడగలేదు.

షమ్సున్నీసాది ముసలితనం కాదు. మొదట్లో మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. తర్వాత బట్టలు పిండితే వచ్చేది. తర్వాత నమాజులో వంగి లేస్తే వచ్చేది. మెదక్ దవాఖానలో దగ్గు మందు ఇచ్చారు, తర్వాత పీల్చే మందు ఇచ్చారు. తగ్గకపోతే పట్నం పొమ్మన్నారు. పట్నంలో పెద్ద దవాఖానకు అస్గర్ తోలుకుపోయాడు. దుకాణం మూసుకొని వచ్చినందుకు దారంతా చిరాకుగానే ఉన్నాడు, కానీ వచ్చాడు. అది కూడా ఆమె మనసులో పెట్టుకుంది.

అక్కడ డాక్టర్ రిషిత చిన్న వయసు మనిషి. స్కాన్ తీయించి చూసి, ఊపిరితిత్తుల్లో మచ్చలు పడుతున్నాయి అన్నది. షమ్సున్నీసా ముంజేతి మీద పెనం తగిలి కాలిన పాత మచ్చ ఉంది. డాక్టర్ దాన్ని వేలితో తాకి చూపించింది. "ఇక్కడ చర్మం చూడండి, గట్టిగా అయింది, సాగదు. లోపల కూడా ఇట్లాగే అవుతోంది. సాగని చోట గాలి పట్టదు," అని చెప్పింది. తర్వాత అడిగింది. "ఏం పని చేస్తారమ్మా?"

"ఏం పని లేదు డాక్టరమ్మా. ఇంట్లనే ఉంటది. ఖాళీగనే ఉంటది," అన్నాడు అస్గర్.

"ఇంట్లో పక్షులు ఉన్నాయా? కోళ్లు, చిలుకలు, పావురాలు?"

"పావురాలున్నయి, డాబా మీద. అవి నాయి. ఈమెకేం సంబంధం లేదు. వాటి జోలికే పోదు."

డాక్టర్ ఆమె దిక్కు చూసింది. షమ్సున్నీసా తన చెప్పుల దిక్కు చూసుకుంది. ఆయన అబద్ధం ఆడుతున్నాడని అప్పుడు అనిపించలేదు. అదే ఆమెను తర్వాత చాలాసార్లు తొలిచింది. ఆయన ముఖంలో దొంగతనం లేదు. పొద్దున ఆయన నిద్ర లేచేసరికి గూళ్లు శుభ్రంగా ఉంటాయి. అవి వాటంతట అవే శుభ్రంగా ఉంటాయని ఆయన నమ్మకం. నీళ్లు వాటంతట అవే మారుతాయి. చాయ్ దానంతట అదే పైకి వస్తుంది. అంతకుముందు డాక్టర్ ఆమె పేరు అడిగితే ఆయనే చెప్పాడు, వయసు అడిగితే ఆయనే చెప్పాడు, ఆకలి ఉందా అంటే "మంచిగనే తింటది" అని కూడా ఆయనే చెప్పాడు. ఇన్ని చెప్పిన మనిషిని నడుమ ఆపి, నువ్వు చెప్పింది తప్పు అని బయటి మనిషి ముందు అనాలంటే ఒక జీవితానికి సరిపడా దమ్ము కావాలి. ఆమె దగ్గర ఒక మాటకు సరిపడా కూడా లేదు.

డాక్టర్ మళ్లీ అడగలేదు. గొట్టం వేసి ఊపిరితిత్తిలోకి నీళ్లు పోసి, ఆ నీళ్లు వెనక్కి గుంజి పరీక్షకు పంపుతాం అన్నది. పంపారు. ఫలితానికి మళ్లీ రమ్మన్నారు.

రెండోసారి అస్గర్ రాలేదు. దుకాణంలో పెళ్లివాళ్ల స్టౌలు ఉన్నాయన్నాడు. దానమ్మ వచ్చింది. దానమ్మ మిషన్ బడిలో ఆయా, భర్త పోయి ఒక్కతే ఉంటుంది. ఒకప్పుడు గల్లీలో పక్కిల్లు. ఇప్పుడు కొత్త రైల్వే స్టేషన్ దారిలో రెండు గదులు కట్టుకుంది. బస్సులో షమ్సున్నీసాకు కిటికీ సీటు ఇచ్చింది.

"మీ ఆయన పావురాల పేర్లన్నీ తిరగేసి మర్లేసి చెప్తడు గద," అన్నది. "నువ్వు మింగే గోళీల పేరు ఒక్కటి చెప్పుమను అక్కా."

"నవ్వియ్యకు దానమ్మా. దగ్గొస్తది."

"నవ్వితే దగ్గు, ఏడిస్తే దగ్గు. ఇగ ఏం జేస్తవ్, మూతి ముడుచుకొని కూసో."

డాక్టర్ రిషిత ఫలితం ముందు పెట్టుకొని చదివింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఒంట్లో కాపలా కాసే కణాలు ఉంటాయమ్మా. అందులో లింఫోసైట్లు అని ఒక రకం. బయటి నుంచి ఏదైనా లోపలికి వస్తే దాంతో కొట్లాడేవి. మీ ఊపిరితిత్తి కడిగిన నీళ్లలో అవి మామూలుగా కొన్నే ఉండాలి. మీకు సగానికి పైన అవే ఉన్నాయి. అంటే మీరు పీల్చేదేదో వాటికి పడట్లేదు. మచ్చలు ఆ కొట్లాట వల్లే."

"అది మంచిదా, చెడ్డదా?" దానమ్మ అడిగింది.

"మచ్చలు చెడ్డవి. పడ్డది మళ్లీ మామూలు కాదు. కానీ ఈ కణాలు ఇన్ని ఉండడం ఒకందుకు ఆశే. కొందరికి మచ్చలు ఉంటాయి, ఈ కణాలు ఉండవు, కారణం దొరకదు. అప్పుడు మనం ఏం చేసినా మచ్చలు పెరుగుతూనే ఉంటాయి. మీకు కొట్లాట ఇంకా ఉంది కాబట్టి, దేంతో కొట్లాటో దాన్ని తీసేస్తే చాలామందికి అక్కడితో ఆగుతుంది. గ్యారంటీ ఇవ్వలేను. తీయకపోతే మాత్రం మిగిలింది కూడా గట్టిపడుతుంది. అప్పుడు ముక్కుకు గొట్టం, పక్కన సిలిండర్." ఆగి అన్నది, "మీ ఆయన మీరు పావురాల దగ్గరికి పోరని చెప్పారు. ఈ కణాలు పోతారనే చెప్తున్నాయి."

దానమ్మ నోరు తెరిచింది. షమ్సున్నీసా ఆమె మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"రెట్ట నేనే గోకుత," అన్నది.

"రోజూనా?"

"రోజు."

"పండగలప్పుడు?"

"వాటికి పండుగ లేదు గద డాక్టరమ్మా."

పనిమనిషిని పెడితే, మూతికి గుడ్డ కట్టుకుంటే అని దానమ్మ అడిగింది. ఒకే ఇల్లు, ఒకే గాలి, ఆయన చొక్కాకు కూడా ఆ పొడే ఉంటుంది అన్నది డాక్టర్. "పావురాలన్నా పోవాలి, మీరన్నా పోవాలి."

తిరిగి వచ్చేటప్పుడు దానమ్మ నిద్రపోయింది. షమ్సున్నీసా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తానన్న మాటను మనసులో మళ్లీ అనుకుంది. రెట్ట నేనే గోకుత. అంత చిన్న మాట. తాను చెప్పకపోయినా లోపల ఆ కణాలు చెప్పాయి. ఖాళీగా ఉంటుందని ఆయన చెప్పిన మనిషి ఖాళీగా లేదని, ప్రతి పొద్దూ ఆ మెట్లెక్కిందని, ఆ పొడి మింగిందని, కంటికి కనపడనివి గుర్తుపెట్టుకున్నాయి. కడుపున మోసిన బిడ్డ యాస్మీన్ కూడా "అమ్మీ, నీకేం పని, ఇంట్ల ఉంటవ్" అని ఒకసారి అన్నది. నవ్వుకుంటూనే అన్నది. అప్పుడు తానూ నవ్వింది. ఇప్పుడు నవ్వాలంటే దగ్గు వస్తుంది.

ఇంటికి వచ్చి అస్గర్‌కు అంతా చెప్పింది. ఆయన చేతిలో రొట్టె అట్లాగే పట్టుకొని విన్నాడు.

"మా అమ్మ జిందగంత చేసింది. ఏమన్న అయ్యిందా?" అన్నాడు.

ఆమె ఆయన ముఖం దిక్కు చూసింది. గోడకు ఆనించిన దిండు ఆయనకూ గుర్తొచ్చి ఉండాలి. ముఖం తిప్పుకున్నాడు. ఆ పూట తినకుండా లేచిపోయాడు. కొన్ని రోజులు మాట్లాడలేదు. ఆమె మెట్లెక్కడం మానేసింది. గూళ్ల వాసన కిందికి రావడం మొదలుపెట్టాక, ఒకరోజు తనే వచ్చి అన్నాడు. "రేగోడ్‌ల కబూతర్లు పెంచే ముజమ్మిల్ ఉన్నడు గద. ఆయనకు ఇచ్చేస్త అన్నీ. నువ్వు మంచిగుంటే నాకదే చాలు."

ఇచ్చేశాడు. బుట్టల్లో పెట్టి, ట్రాలీ ఆటోలో ఎక్కించి పంపాడు. కూలి మనిషి వచ్చి గూళ్లు కడిగి పోయాడు. గూళ్లు తీసేద్దామా అంటే అస్గర్ వద్దన్నాడు. "చెక్క మంచిగుంది, ఉండనియ్."

గల్లీ అంతా ఆయన పేరే. పెండ్లాం కోసం కబూతర్లనే ఇచ్చిండు, గట్లాంటి మొగడు ఎవలికి దొరుకుతడు అని నీళ్ల దగ్గర, మాంసం దుకాణం దగ్గర ఆమెకే చెప్పారు. "నసీబు నీది," అన్నారు. ఆమె తలూపింది. దావత్‌కు చేసినట్టు ఖుర్మా చేసి పెట్టింది. ఆయన ఖాళీ ఆకాశం దిక్కు చూస్తూ కూర్చుంటే దొంగతనం చేసినదానిలా మెల్లగా నడిచింది. బాగుపడుతున్నానని పైకి చెప్పడానికి కూడా సిగ్గుపడింది. నిజానికి బాగుపడుతోంది. గోళీలకు ముఖం ఉబ్బింది కానీ దగ్గు తగ్గింది. ఒక పొద్దున లేచేసరికి తాను వెల్లకిలా పడుకొని ఉంది. అట్లా పడుకొని నిద్రపోయి ఎన్నాళ్లయిందో గుర్తుకు రాలేదు. పైకప్పు దిక్కు చూస్తూ ఊరికే ఊపిరి పీల్చింది. వదిలింది. మళ్లీ పీల్చింది.

మొదటి పావురం ఒక మధ్యాహ్నం వచ్చింది. తోక విప్పే లక్కా రకం కాదు, దూరం ఎగిరే జాతి, మెడ మీద రాగిరంగు ఉన్నది. దాని తర్వాత జత వచ్చింది. సాయంత్రానికి గూళ్ల నిండా చప్పుడు. అస్గర్ దుకాణం నుంచి ఎవరో చెబితే పరుగెత్తుకొచ్చాడు. చెప్పులతోనే డాబా ఎక్కాడు.

"చూసినవా!" అని పైనుంచి అరిచాడు. "నేను పంపినా అవి పోలే. ఏం జేద్దు చెప్పు? వాటికి ఇదే ఇల్లు. అల్లా మర్జీ."

ఆయన ముఖం వెలిగిపోతోంది. లోపలి కొట్లాట ఆగితే నేను బతుకుతానంట అని చెప్పిన రోజు ఆ ముఖం ఇట్లా వెలగలేదు. షమ్సున్నీసా మెట్ల కింద నిలబడి చూసింది. రాగిమెడది ఎగిరి వచ్చి పై మెట్టు మీద వాలి, రెక్క విప్పి ఈకలు సవరించుకుంది. పెద్ద ఈకలు నున్నగా, వరుసగా ఉన్నాయి. కట్టిన ఈకకు నడుమ ఒక నొక్కు పడుతుంది, దారం విప్పినా అది కొన్నాళ్లు పోదు. ఈ రెక్కకు నొక్కు లేదు.

లోపలికి పోయి ముజమ్మిల్‌కు ఫోన్ చేసింది.

"సలామ్ భాభీ. వచ్చినయా అన్నీ?" అన్నాడు ముజమ్మిల్. ఆ గొంతులో ఆశ్చర్యమేమీ లేదు.

"రెక్కలకు దారం కట్టలేదా భాయ్?"

"నేను కడ్తనే అన్న భాభీ. అస్గర్ భాయే వద్దన్నడు. కొన్ని దినాలు మూసి పెట్టి వదిలెయ్, వాటంతట అవే వస్తయి, అప్పటిదాక ఆమెకు జర మనసు నిమ్మలమైతది అన్నడు. మీకు ఎరుకనే అనుకున్న."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఏడుపు రాలేదు. కోపం కూడా వచ్చినట్టు అనిపించలేదు. ఒక పెద్ద అలుపు వచ్చింది. ఇన్నేళ్ల మెట్లన్నీ ఒక్కసారే ఎక్కినట్టు. అలవాటుగా చేతులు వాటి పని అవి చేశాయి. కుట్టుమిషన్ సొరుగులోంచి తెల్లదారం రీలు తీసుకుంది. ముక్కుకు దుపట్టా చుట్టుకుంది. కట్టి, ఒక్కొక్కదాన్నీ తనే బుట్టలో పెట్టి, తనే రేగోడ్‌కు పంపిస్తే అయిపోతుంది. తనకు వచ్చిన పనే. మెట్ల మీద కూర్చొని రాగిమెడదాన్ని దగ్గరికి తీసుకుంది. అది బెదరలేదు. ఆమె చెయ్యి దానికి తెలుసు. రెక్క విప్పి, ఈకలు కలిపి, దారం రెండు చుట్లు వేసింది. అంతలో అది విదిల్చింది. నూగు లేచింది. దగ్గు పట్టుకుంది. దారం జారిపోయింది, పక్షి చేతుల్లోంచి పోయింది, ఆమె మెట్టు మీద వంగి రెండు చేతులూ ఆనించి అట్లాగే ఉండిపోయింది. దగ్గు ఆగేసరికి కళ్ల ముందు చీకటి. ఆ చీకట్లో ఒకటి తెలిసింది. తనను చంపేదాన్ని పంపించే పని కూడా తనే చేస్తోంది.

ఆమె దారం మళ్లీ రీలుకు చుట్టింది. తొందరపడకుండా చుట్టింది. లోపలికి పోయి రెండు జతల బట్టలు, గోళీల డబ్బా, స్కాన్ కవరు సంచిలో పెట్టుకుంది. దానమ్మకు ఫోన్ చేసింది. బురఖా వేసుకొని వచ్చేసరికి అస్గర్ కిందికి దిగాడు. చొక్కా మీద ఒక చిన్న ఈక ఉంది.

"ఎటు పోతున్నవ్?"

ఆమె దూరంగానే నిలబడి చెయ్యి చాపి దారం రీలు ఆయన చేతిలో పెట్టింది. "ముజమ్మిల్ భాయ్‌కి ఫోన్ చేసిన. ఈసారి కట్టి పంపుండ్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. కాసేపు రీలు దిక్కే చూశాడు. దొరికిపోయిన మనిషి కొట్లాడాలా వద్దా అని చూసినట్టు చూశాడు. చివరికి చిన్న గొంతుతో అన్నాడు. "నాకేడ కట్టొస్తది? ఎప్పుడన్న కట్టిన్నా? అన్నీ నువ్వే గద చేసేది."

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదలు. ఆయనకు తెలియదు తాను ఏం అన్నాడో.

"ఆ ముచ్చట డాక్టరమ్మ ముంగట చెప్పకపోతిరి," అన్నది షమ్సున్నీసా.

గడప దాటి నడిచింది. వెనక నుంచి ఆయన రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పావురాలకు వేసే ఈల లాంటిదేదో వినపడింది, పావురాలకో తనకో తెలియలేదు. తిరిగి చూడలేదు. గల్లీ మలుపు దగ్గర గోడ పట్టుకొని ఆగింది. ఊపిరి అందాక మళ్లీ నడిచింది. అట్లా ఆగుతూ నడుస్తూ మెయిన్ రోడ్డుకు చేరేసరికి దానమ్మ ఆటోలో కూర్చొని ఉంది. సంచి అందుకొని, జరిగి చోటు ఇచ్చింది. ఏమైందని అడగలేదు. స్టేషన్ దారి పట్టాక మాత్రం, మంచం ఎక్కడ వేయాలో ఆలోచిస్తున్నట్టుగా అడిగింది.

"ఎన్ని దినాలు ఉంటవక్కా?"

షమ్సున్నీసా దుపట్టా ముక్కు మీది నుంచి తీసింది. గాలి చల్లగా ఉంది, దానిలో ఏమీ లేదు.

"ఆయనకు దారం కట్టొచ్చేదాక," అన్నది.